ఎండకు వెలిసిన పసుపు మరక

ఫిర్యాదు చేసేవారు ముందు జరిగినవాటిని వరుసలో పెట్టాలి. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయేదాకా నేను మొదట నేర్చుకున్నదీ, చివరిదాకా మరవనిదీ అదే. కనుక నా తొలినాటి సంగతుల్లో ఈ అధ్యాయాన్ని ఆ పద్ధతిలోనే ప్రారంభిస్తున్నాను. తేదీలు నా డైరీల్లో ఉన్నాయి. పాఠకులకు వాటితో పని లేదు కనుక కాలాన్ని మాత్రం సూచిస్తున్నాను.

డెబ్బైల చివర, ఒక వేసవి ఉదయం: నర్సీపట్నం రైసుమిల్లు గచ్చు మీద జరిగిన కరాటే పరీక్షలో, మాకు నేర్పిన నియమం ప్రకారం గెలిచిన నన్ను ఓడినట్టు ప్రకటించారు. నియమం పెట్టిన మా మాస్టారు అక్కడే ఉండి కూడా అభ్యంతరం చెప్పలేదు.

అదే రోజు మధ్యాహ్నం: నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం చెరిగిపోయింది. చెరిపినది మా అమ్మ. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

అదే ఏడు, తొలకరి: మాస్టారు మా గుమ్మంలో నిలబడి నాతో ఒక మాట అన్నారు. ఆ మాటను ఆయన నలుగురిలో ఎన్నడూ అనలేదు.

మొన్నటి కార్తీకం: మాస్టారికి జరిగిన సన్మాన సభలో, ఆయన నేర్పిన విద్యను ఆయన కళ్లెదుటే తలకిందులు చేశారు. ఆయన దండ వేసుకుని కూర్చుని చూశారు.

ఈ చివరిది జరగకపోతే మొదటి మూడింటిని నేను నాతోనే తీసుకుపోయేదాన్ని. సభ నుంచి వచ్చిన రాత్రి బీరువా అడుగు నుంచి ఒక తెల్లటి జుబ్బా తీసి చూసుకున్నాను. చూడటానికి దాని మీద ఏమీ లేదు. నా గొడవంతా అదే.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని బ్లేడుతో పెన్సిళ్లు చెక్కుకోవడం, చెక్కిన పొట్టును కాగితంలో పొట్లం కట్టి పారేయడం ఆయన అలవాటు. మా నాయనమ్మకు ఏ పొడీ బజారుది నచ్చేది కాదు. ఏజెన్సీ కొండల నుంచి సంతకు దిగిన పసుపు కొమ్ములను తానే ఏరి, కొరికి చూసి, బేరమాడి కొనేది. వాటిని పెరట్లో రోట్లో దంచిన రోజు మా ఇల్లంతా, మా జడలు, అన్నం కూడా అదే వాసన. జల్లెడ పట్టిన మెత్తటి పొడిని జాడీలోకి ఎత్తి, మూత మీద గుడ్డ కట్టి, దాని మీద ఇత్తడి గిన్నె బోర్లించేది. ఆ జాడీ మీద ఆవిడకున్నంత నిఘా మా మీద కూడా ఉండేది కాదు. ఆ పసుపు నా కథలోకి ఇలా వస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఇంటర్ అయ్యాక నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. ఆడపిల్లలకు తెల్లవారుజాము బ్యాచి. ఇన్‌స్టిట్యూట్ పక్కనే రైసుమిల్లు, మిల్లు ముందు ధాన్యం ఆరబోసే పెద్ద సిమెంటు గచ్చు. సూర్యుడు పైకి వచ్చి ధాన్యం బస్తాలు విప్పేలోగా ఆ గచ్చు మీద కరాటే క్లాసు జరిగేది. ముందు రోజు ఉడికించిన ధాన్యం వాసన, తడి గోనెల వాసన, చలి పట్టిన సిమెంటు. నేను టైపు లోయర్ పరీక్ష పాఠం ముగించుకుని బయటికి వచ్చేసరికి, తెల్లబట్టల కుర్రాళ్లు వరుసగా నిలబడి, ఒక నల్లటి పొట్టి మనిషి అరుపుకు ఒక్కసారిగా కాళ్లు మార్చేవారు. కంచె పక్కన నిలబడి చూస్తూ నేనూ చెప్పుల్లోనే పాదాలు తిప్పేదాన్ని. ఒకనాడు ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నారు:

"కంచె కాడ గుంటా, మడమ లేస్తంది నీకు. సెప్పులిప్పి లోపలికి రా."

ఆయన పేరు అప్పలరాజు. నక్కపల్లి అవతల, సముద్రం ఒడ్డున చేపల వేట చేసుకునే కుటుంబం. కుర్రతనంలో ఓడలో పనికి కుదిరారనీ, ఏదో దూరపు రేవులో ఓడ మరమ్మతుకు చాలాకాలం ఆగిపోతే అక్కడ ఒక గురువు దగ్గర ఈ విద్య నేర్చుకున్నారనీ చెప్పుకునేవారు. ఏ రేవు, ఏ గురువు అని అడిగితే ఆయన సమాధానం చెప్పేవారు కాదు. ఆ మాటకొస్తే దేనికీ చెప్పేవారు కాదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

మా నాన్నగారు ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. ఆయన రెండు రోజులు పెన్సిళ్లు చెక్కి, మూడోనాడు తానే మిల్లు దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, మా అమ్మాయికి దెబ్బలు తగలవు కదా?"

"నా కాడ దెబ్బ తగిలితే, కొట్టినోడు ఓడినట్టు బాబూ."

"అదేం లెక్కండీ?"

"నా లెక్క."

లెక్కల మాస్టారికి అది నచ్చింది. ఇంటికి వస్తూ దారిలో నాతో, "లోయర్ ఫస్టు క్లాసులో పాసవ్వాలి. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారు. నేను పాసయ్యాను. నాన్నగారి పాత పంచె చించి మార్కెట్ వీధి దర్జీ చేత జుబ్బా, పైజమా కుట్టించారు.

మాస్టారి లెక్క ఏమిటో ఇక్కడ వివరించాలి. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఇద్దరి పిడికిళ్లకూ తడిపిన పసుపు పూసేవారు. పిడికిలి ఉన్న బలమంతా పెట్టి విసరాలి. ఎదుటివారి ఒంటికి వేలెడు దూరంలో ఆగిపోవాలి. ఎవరి జుబ్బా మీద పసుపు పడితే వారు గెలిచినట్టు, మరక పెట్టినవాడు ఓడినట్టు. మెల్లగా విసిరి ఆపేద్దామని తెలివి చూపిస్తే ఆయనకు చప్పుడులోనే తెలిసిపోయేది. "అది విసరడమేటి, ఈగల్ని తోల్డమా?" అని వరుస చివరికి పంపేవారు. "కొట్టడం దున్నపోతుకి కూడా వస్తాది. ఆపడానికే గురువు కావాల" అనేవారు. ఆయన నోటి నుంచి మేము విన్న సిద్ధాంతమంతా అంతే.

పసుపు తెచ్చే పని నాది. జాడీ తగ్గుతుండటం నాయనమ్మ కనిపెట్టింది.

"ఏవే, పసుపు పేరంటానికి పంచుతారు గానీ పోట్లాటకి పంచుతారా?"

"పోట్లాట కాదు నాయనమ్మా. తగలకూడదు."

"తగలకపోతే ఇంక పసుపెందుకు?"

"తగిలిందేమో తెలియడానికి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ మేస్టరుకి పెళ్లాం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "పాపం" అని, గిన్నె తీసి నాకు పిడికెడు పసుపు ఆవిడే పొట్లం కట్టి ఇచ్చింది.

ఆయన బోధించే తీరు గురించి ఇప్పుడు చాలామంది చాలా చెబుతున్నారు. వారిలో సగం మంది ఆ గచ్చు మీద నిలబడనివారు. నేను చూసింది రాస్తాను. ఆయన చేతిలో విరిగిన పడవ తెడ్డు ముక్క ఉండేది. దానితో కొట్టేవారు కాదు. మోచెయ్యి పక్కకు జారితే కింద ఆనించి సరిచేసేవారు, మడమ లేస్తే దాని మీద మెల్లగా మోపేవారు. ప్రశ్న అడిగితే నోరు విప్పకుండా మన కాళ్లు ఇంకొంచెం ఎడం చేసి, మోకాళ్లు ఇంకొంచెం వంచి వెళ్లిపోయేవారు. తొడలు వణికి వణికి, ఒక దశలో ప్రశ్న అయినా మరిచిపోయేవాళ్లం, జవాబైనా తట్టేది. ఒకసారి నా పిడికిట్లో బలం ఎందుకు రావడం లేదని అడిగాను. మూడు రోజులు నన్ను పట్టించుకోలేదు. నాలుగోనాడు ఇంటి నుంచి ఒక పాత విసురు వల తెచ్చి నా భుజం మీద వేశారు. ఉప్పు, చేపపొలుసు కంపు. "ఇసురు" అన్నారు. చేత్తో విసిరాను. వల నా కాళ్ల దగ్గరే కుప్పగా పడింది. కుర్రాళ్లు నవ్వారు. ఆయన తెడ్డు ముక్కను నా నడుముకు ఆనించి ఒక తిప్పు తిప్పారు. రెండోసారి వల గొడుగులా విచ్చుకుని గచ్చు మీద పరుచుకుంది. "సెయ్యి ఇసుర్తాదేటి? నడుమిసుర్తాది. సెయ్యి ఊరికే ఎనకాల ఎల్తాది" అన్నారు. నా పిడికిలి ఆ రోజు నుంచి మారింది. ఈ వయసులో కూడా తడి దుప్పటి పిండేటప్పుడు నా నడుము దానంతట అదే తిరుగుతుంది. ఇంత నేర్పిన మనిషి మీద కోపం ఉంచుకోవడం తేలిక పని కాదు. ఉంచుకున్నాను. కారణం ఉంది.

మిల్లు యజమాని కొడుకు జగన్నాథం నాతోటివాడే, ఏడాది చిన్న. బలం ఉంది, ఎత్తు ఉంది. ఆపడం మాత్రం రాలేదు. వాడితో నిలబడినవారి జుబ్బాలన్నీ పెళ్లివారి బట్టల్లా ఉండేవి. మిగిలినవారికి మరక పెడితే గచ్చు చుట్టూ పరుగు శిక్ష. జగన్నాథానికి మాత్రం, "జాగర్త బాబూ" అని ఊరుకునేవారు. అప్పట్లో మేము నవ్వుకునేవాళ్లం. గచ్చు వాళ్లది కదా అని ఎవరో అంటే, నేనే మాస్టారి పక్షాన వాదించాను. అందరికీ ఒకే మందు పనిచెయ్యదన్నాను.

బ్లాక్ బెల్టు పరీక్షకు విశాఖపట్నం నుంచి ఇద్దరు పరీక్షకులు వచ్చారు. ఆ ఏడు మా ఊళ్లో ఇచ్చేది ఒకటే బెల్టు. చివరికి మిగిలింది నేనూ, జగన్నాథమూ. ఊరంతా రాలేదు గానీ, మిల్లు కూలీలు, టైపు బ్యాచి ఆడపిల్లలు, సెలవు పెట్టి నాన్నగారు వచ్చారు. మిల్లు యజమాని కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మాస్టారు స్వయంగా మా ఇద్దరి పిడికిళ్లకూ పసుపు పూశారు. నాకు పూసేటప్పుడు నా ముఖం చూడలేదు. ఆయన ఎప్పుడూ చూడరు కనుక అందులో నాకు విశేషం కనిపించలేదు.

మొదటి దెబ్బ నాది. జగన్నాథం ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండోది గొంతు దగ్గర ఆగింది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోసారి నేను ముందుకు వస్తుండగా వాడి పిడికిలి నా ఎడమ భుజం కింద ఎముక మీద పడింది. నేల కదిలినట్టయింది. పడిపోలేదు. తల దించి చూసుకున్నాను. నాన్నగారి పంచె గుడ్డ మీద నాలుగు కణుపుల పసుపు మరక. గెలిచానని చేతులు కట్టుకుని, నమస్కారం చేసి నిలబడ్డాను.

పరీక్షకుడు జగన్నాథం చెయ్యి పైకెత్తాడు.

"అమ్మాయి బాగానే వచ్చింది గానీ కొట్టలేకపోతోంది మాస్టారూ. ఆడపిల్ల కదా, భయం."

నేను మాస్టారి వైపు చూశాను. నాన్నగారు లేచి నిలబడి, "అయ్యా, ఇక్కడి లెక్క వేరండీ. మాస్టారినే అడగండి" అన్నారు. రెండో పరీక్షకుడు మర్యాదస్తుడు. "అవునా? మీ దగ్గర రూలు వేరా మాస్టారూ?" అని నిజంగానే అడిగాడు. ఒక్క మాట చాలు. పిడికిళ్లకు పసుపు ఎందుకు పూశారో చెబితే చాలు. మాస్టారు మిల్లు యజమాని కుర్చీ వైపు చూశారు. తెడ్డు ముక్కను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"నా రూలేటుందండి. మీరు సెప్పిందే రూలు."

ఎవరు ఏమడిగినా చెప్పని మనిషి ఆ రోజు మాత్రం చెప్పారు.

బెల్టు కట్టడం అయ్యాక నేను ఆయన దగ్గరికి వెళ్లి, "మాస్టారూ, నేను ఓడానా?" అని అడిగాను. ఆయన నా తల మీదుగా చూస్తూ, "బేగి నీళ్లేసి గచ్చు కడగండి. ధాన్యం పోసే యేళయింది" అని కేకేశారు. నాన్నగారు నన్ను ఇంటికి తీసుకువచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఆ జుబ్బా జాగ్రత్తగా దాచు. అది రుజువు. విశాఖపట్నం రాసి పంపుదాం" అన్నారు.

దాన్ని విప్పి దండెం మీద వేసి, భుజానికి కాపడం పెట్టించుకుని నిద్రపోయాను. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. దండెం ఖాళీ. పెరట్లోకి పరుగెత్తాను. మా అమ్మ నా దెబ్బ చూసి ఏడ్చి, ఆ మరక కంటపడటం భరించలేక, సబ్బు పెట్టి ఉతికేసింది. పసుపుకు సబ్బు తగలగానే ఎర్రబడింది. అది నెత్తురనుకుని భయపడి మళ్లీ మళ్లీ ఉతికింది. తరువాత మిట్టమధ్యాహ్నపు ఎండలో తీగ మీద ఆరేసింది. సబ్బుకు పోని పసుపు ఎండకు పోతుంది. ఇది ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. నేను జుబ్బా లాగి చూసేసరికి మరక ఉండాల్సిన చోట చుట్టూ ఉన్న గుడ్డ కన్నా తెల్లగా ఉంది.

"పూర్తిగా పోయిందే. నీ అదృష్టం" అంది అమ్మ సంతోషంగా.

నాన్నగారు విశాఖపట్నానికి రాయలేదు. ఆ సాయంత్రం ఆయన నాకొక కొత్త డైరీ ఇచ్చి, "ఇకనుంచి ఏది జరిగినా అదే రోజు రాసిపెట్టు" అన్నారు. రాస్తూనే ఉన్నాను.

తొలకరి జల్లులు పడ్డాక ఒక పొద్దుట మాస్టారు మా ఇంటికి వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని, నా కాళ్ల వైపు చూస్తూ అన్నారు:

"సిన్నపిల్లల బేచి ఒకటెట్టాను. నువ్వొచ్చి నేర్పాల. ఆపడం ఇక్కడ నీకొక్కద్దానికే వచ్చు."

"మరి బెల్టు వాడికెందుకిచ్చారు మాస్టారూ?"

ఆయన మజ్జిగ తాగారు. గ్లాసు అరుగు మీద పెట్టారు.

"ఆ మాట నలుగురిలో అనండి. రేపే వస్తాను" అన్నాను.

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయారు. "సూసేవా, గ్లాసు కూడా బోర్లించకుండా ఎల్లిపోయేడు" అంది నాయనమ్మ. ఆ మాటలు విన్నది మేమిద్దరమే. నాయనమ్మ ఇప్పుడు లేదు. నేను మళ్లీ ఆ గచ్చు ఎక్కలేదు. ఎనభైల్లో ఉద్యోగం వచ్చి కోటవురట్ల, అక్కడి నుంచి మరో చోటికి వెళ్లిపోయాను. ఆఫీసుల్లో నా కళ్లెదుటే మరకలు పెట్టినవారు ముందుకు వెళ్లారు. వేలెడు దూరంలో ఆగిన నన్ను నెమ్మదస్తురాలన్నారు. అప్పలరాజు మాస్టారి విద్య నా ఒంట్లో అంత బాగా దిగింది మరి.

ఇక మొన్నటి సభ. జగన్నాథం ఇప్పుడు పెద్ద అకాడమీ నడుపుతున్నాడు. పాత శిష్యులందరికీ కబురు పెట్టాడు. మిల్లు పోయి ఆ గచ్చు మీదనే కల్యాణ మండపం కట్టారు. సిమెంటు మీద ఇప్పుడు నున్నటి టైల్స్, వాటి మీద నీలం మ్యాట్లు, ఏ.సి. చలి. పిల్లల బట్టలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఆడపిల్లలే ఎక్కువ. అది చూసి నా మనసు కాసేపు మెత్తబడిందని రికార్డు కోసం రాస్తున్నాను. మాస్టారు వేదిక మీద పెద్ద కుర్చీలో ఉన్నారు. చెవులు పనిచేస్తున్నాయి, చూపు పనిచేస్తోంది. పలకరించినవారినల్లా పేరుతో గుర్తుపడుతున్నారు. నాకు పాత శిష్యురాలిగా ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి ఇచ్చారు. నల్ల బెల్టు కట్టుకున్న బొమ్మ.

అప్పుడు జగన్నాథం మైకు అందుకుని, "మా గురువుగారు కనిపెట్టిన పసుపు పద్ధతిని ఇప్పుడు మా పిల్లలు ప్రదర్శిస్తారు" అన్నాడు. పిడికిళ్లకు పసుపు పూశారు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒక పిడికిలి ఎదుటి పిల్ల జుబ్బాకు తగిలి పచ్చటి మరక పడింది. "ఒక పాయింట్!" అని మైకులో అరిచారు. తల్లులు చప్పట్లు కొట్టారు. మరో మరక, మరో పాయింట్. ఎక్కువ మరకలు పెట్టిన పిల్లకు పతకం.

నేను లేచి వేదిక ఎక్కాను. జగన్నాథం నవ్వుతూ, "సరోజక్కా, రెండు మాటలు మాట్లాడతావా? భోజనాల టైం అయిపోతోంది మరి" అన్నాడు.

"నేను మాట్లాడను. మాస్టారినే ఒకటి అడుగుతాను" అని ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను. "మాస్టారూ, మరక పడితే ఎవరు గెలిచినట్టు?"

ఆయన నన్ను గుర్తుపట్టారు. ప్రశ్న వినబడింది. మైకు దగ్గరే ఉంది కనుక హాలంతటికీ వినబడింది. ఆయన చూపు నా పాదాల మీదకు పోయింది. మడమ నేల మీదే ఉంది. తరువాత జగన్నాథం వైపు చూశారు. అప్పుడు గచ్చు వాళ్లది. ఇప్పుడు ఆ కుర్చీ వాళ్లది.

"బోయినం సేసి ఎల్లమ్మా" అన్నారు.

భోజనం చెయ్యలేదు. ఓడిపోయి పక్కన కూర్చున్న పిల్ల జుబ్బాకేసి ఒకసారి చూసి వచ్చాను. దాని నిండా పసుపు. ఆ పిల్ల ఎదుటిదాని జుబ్బా మీద ఒక్క మరకా లేదు. ఆ పిల్ల చెయ్యి ప్రతిసారీ వేలెడు దూరంలో ఆగడం నేను చూశాను. కోచ్ ఆ పిల్లతో, "భయపడకు, కొట్టు" అంటున్నాడు.

కనుక, అప్పలరాజు మాస్టారికి.

అయ్యా, నాకు బెల్టు అక్కరలేదు. జగన్నాథం బెల్టు విప్పమనడం లేదు. క్షమాపణ కోరడం లేదు. ఆ వేసవి ఉదయం, మీరు పెట్టిన నియమం ప్రకారం, నేను గెలిచానా, ఓడానా? నేను గెలిచి ఉంటే, మొన్న పక్కన కూర్చోబెట్టిన ఆ పిల్ల కూడా గెలిచినట్టా, కాదా? మా గుమ్మంలో నాతో అన్న మాట మీదేనా, కాదా? ఈ మూడింటికీ లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చెయ్యి వణుకుతుంటే మీ ఇంట్లో ఎవరి చేతనైనా రాయించి వేలిముద్ర వెయ్యండి. నోటిమాట పంపితే స్వీకరించను. నా కాళ్లు ఎడం చేసి నిలబెట్టి పోవడానికి ఇప్పుడు నా మోకాళ్లు సహకరించవు.

ఈ అధ్యాయం ప్రతి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో మీకు పంపుతున్నాను. పుస్తకంలో దీని తరువాతి పేజీని మీ జవాబు కోసం ఖాళీగా ఉంచమని ప్రెస్సువారికి చెప్పాను. జవాబు రాకపోతే ఆ పేజీ ఖాళీగానే అచ్చవుతుంది. ఆ పిల్ల పెద్దదయ్యాక ఎప్పుడైనా ఈ పుస్తకం తెరిస్తే, ఆ తెల్లటి చోట ఏముండేదో తనకు తెలుస్తుంది.